బండి బోరుకొచ్చినప్పుడు

కొంపల్లి అనగానే ఇప్పుడు హైదరాబాదీలకు ఫంక్షన్ హాళ్లు, దాబాలు, కొత్తగా లేచిన విల్లాలు గుర్తొస్తాయి. లారీవాళ్లకు మాత్రం ఇది నాగపూర్ రోడ్డు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి మీదుగా మేడ్చల్‌కు దిగి, కొంపల్లి, సుచిత్ర దాటి సికింద్రాబాద్ చేరుతుంది. పాతకాలపు డ్రైవర్లు దీన్ని ఇప్పటికీ సెవెన్ హైవే అనే అంటారు. ఉత్తరాన కండ్లకోయ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు, పడమట జీడిమెట్ల పారిశ్రామికవాడ, కాస్త కిందికి పోతే బాలానగర్. సరుకు దిగే చోటు, బండి ఆగే చోటు, లేత్ మిషన్ దొరికే చోటు ఇంత దగ్గర దగ్గరగా ఉండటం వల్లే, అరిగిపోయిన లారీ ఇంజన్‌ను విప్పి తిరిగి కట్టే విద్య ఇక్కడ పాతుకుపోయింది.

ఈ పని పెద్ద షోరూముల్లోనూ జరుగుతుంది. నేను చెప్పబోయేది ఇంటి దగ్గర జరిగే పని గురించి. ఒకటో రెండో లారీలున్న యజమాని, చాలాసార్లు తనే డ్రైవరు కూడా, ఇంటి పక్క ఖాళీ జాగాలోనో, రేకుల షెడ్డులోనో బండి నిలబెట్టి, తెలిసిన ఉస్తాద్‌ను పిలిపించి ఇంజన్ దింపించుకుంటాడు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో టిప్పర్లు, ట్రాక్టర్లు ఉన్న ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మూడు ఇనుప గొట్టాల స్టాండు, దానికి వేలాడే చైన్ బ్లాకు, పానాల పెట్టె, నాలుగు ట్రేలు, డ్రమ్ములో కొంచెం డీజిల్. చూడ్డానికి ఇంతే సరంజామా. కానీ నాలుగు క్వింటాళ్ల పైచిలుకు ఇనుమును ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్లీ వెంట్రుక మందం తేడా లేకుండా కూర్చడానికి కావలసిన తెలివి ఆ సరంజామాలో కనబడదు. ఈ విద్యలో పెద్ద భాగం విప్పడంలో, కొలవడంలో ఉందని, బిగింపు దాని తర్వాతేనని నా నమ్మకం. మంచి ఉస్తాద్‌కూ మామూలు మెకానిక్‌కూ తేడా అక్కడే బయటపడుతుంది.

మొదటి ప్రశ్న: ఇంజన్ నిజంగా బోరుకొచ్చిందా, అంటే విప్పి బోరు చేయించాల్సినంత అరిగిందా? ‘ఉస్తాద్, బండి ఆయిల్ తింటున్నది, ఘాట్ ఎక్కుతలేదు, జర చూడుండ్రి’ అని డ్రైవరు వచ్చి చెప్పిన వెంటనే పానా పట్టేవాడిని నమ్మకూడదు. నల్ల పొగ వస్తుంటే ముందు ఎయిర్ ఫిల్టరు, నాజిళ్లు చూడాలి. నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోందని అర్థం; అది పిస్టన్ రింగుల దగ్గర కాలుతోందా, టర్బో సీలు కారి కాలుతోందా అన్నది తేల్చాలి. టర్బో పైపు విప్పి లోపల వేలు పెట్టి చూస్తే తడి తెలుస్తుంది. టర్బో తప్పుకు ఇంజన్ మొత్తం విప్పించుకుని డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ఈ రోడ్డు మీద తక్కువేమీ కాదు. అసలైన సాక్ష్యం ఆయిల్ పోసే మూత దగ్గర దొరుకుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆ మూత తీస్తే గుప్పుగుప్పుమని పొగ తన్నుకొస్తే, సిలిండరులో ఉండాల్సిన ఒత్తిడి రింగులు దాటి కిందికి దిగుతోందన్నమాట. మెకానిక్కులు దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు.

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండరులోకి వచ్చిన గాలిని పదహారు, పద్దెనిమిది రెట్లు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజన్ నుంచి నేటి దాకా సూత్రం అదే. నొక్కిన గాలి పక్కనుంచి జారిపోతే వేడి చాలదు, డీజిల్ సరిగా కాలదు, బలం ఉండదు. కాబట్టి బోరు (సిలిండరు లోపలి రంధ్రం), పిస్టన్, రింగు, ఈ మూడింటి మధ్య ఖాళీయే ఇంజన్ ఆయుష్షు. పిస్టన్లు, రింగులు, హెడ్డు వరకు పని ఆగితే హాఫ్ ఇంజన్. క్రాంకు కూడా దించి మొత్తం చేస్తే ఫుల్ ఇంజన్.

ఈ షెడ్లలో విప్పే ఇంజన్లకు ఒక వంశవృక్షం ఉంది. 1954లో టాటాల లారీ కంపెనీ టెల్కో, జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో చేతులు కలిపింది. 1969 వరకు సాగిన ఆ ఒప్పందం నాటి పోలిక టాటా 697 ఇంజన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. మెర్సిడెస్ ఓఎం 352 లాగే దీనికీ ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, 128 మిల్లీమీటర్ల స్ట్రోకు. మొత్తం 5,675 సీసీ. పేరులోని 6 సిలిండర్ల లెక్క, 97 బోరు కొలత. టాటా 407లో వచ్చిన 497కూ అదే లెక్క, నాలుగు సిలిండర్లు. తర్వాత 1993లో ఏర్పాటైన టాటా కమిన్స్ జంషెడ్‌పూర్ ఫ్యాక్టరీ నుంచి 5.9 లీటర్ల 6బీటీ వచ్చింది. అశోక్ లేలాండ్‌లో హినో వంశం. ఈ మూడు రకాల ఇంజన్లనూ కళ్లు మూసుకుని విప్పగల ఉస్తాద్‌లు ఒక తరం నిండా తయారయ్యారు. వాళ్లకు సర్వీసు మాన్యువల్ ఎవరూ ఇవ్వలేదు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో ట్రేలు కడగడంతో మొదలుపెట్టి, ఉస్తాద్ చేతిని చూస్తూ నేర్చుకున్నారు. ఆ వయసు పిల్లలు షెడ్డులో ఉండకూడదు, బడిలో ఉండాలి. అది వేరే చెప్పనవసరం లేనంత స్పష్టం. కానీ అలా నేర్చినవాళ్ల చేతిలో ఉన్న జ్ఞానాన్ని మాత్రం మనం తేలిగ్గా తీసేయకూడదు.

ఇక విప్పడం. ముందు నీళ్లు, ఆయిల్ దించుతారు. దించిన ఆయిల్‌ను అనుభవజ్ఞుడు పారబోయడు. వేళ్ల మధ్య రుద్ది చూస్తాడు, ట్రే అడుగున చేరిన ముద్దను వెలుతురుకు పట్టి చూస్తాడు. రాగి రంగు మెరుపులుంటే బేరింగులు పోయాయి. ఆయిల్ పాలమీగడలా తెల్లబడితే నీళ్లు కలిశాయి, అంటే హెడ్డు ప్యాకింగో, బ్లాకులో పగులో వెతకాలి. తర్వాత రేడియేటరు, పైపులు, వైర్లు, స్టార్టరు, టర్బో, డీజిల్ పంపు ఒక్కొక్కటే దిగుతాయి. పంపు విప్పేముందు గేర్ల మీద గుర్తులు చూసుకోవాలి. గుర్తు చెరిగిపోతే పంచ్‌తో చిన్న చుక్క కొట్టుకోవాలి. ఆ చుక్క కొట్టడానికి అర నిమిషం పట్టదు. అది లేకపోతే చివర్లో టైమింగ్ కలవక ఒక పూట పోతుంది.

హెడ్డు బోల్టులు విప్పడానికీ ఒక క్రమం ఉంది: అంచుల నుంచి మధ్యకు, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా వదులు చేస్తూ. బిగించేటప్పుడు మధ్య నుంచి అంచులకు. ఇది తప్పితే హెడ్డు వంగుతుంది. పుష్ రాడ్లను ఒక అట్టముక్కకు పన్నెండు రంధ్రాలు పొడిచి వరుసగా గుచ్చుతారు. ఏ రాడ్డు ఎక్కడిదో అక్కడికే వెళ్లాలి, ఎందుకంటే ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి రాసుకుని అరిగిన భాగాలు జంటలవుతాయి. వాటిని మార్చి పెడితే రెండూ కొత్తగా అరగడం మొదలుపెడతాయి. కనెక్టింగ్ రాడ్డు, దాని కింది క్యాపు కూడా అంతే. ఫ్యాక్టరీలో ఆ రెండింటినీ కలిపి బిగించి ఒకే రంధ్రంగా తొలుస్తారు. రెండో నంబరు రాడ్డుకు మూడో నంబరు క్యాపు పెడితే ఆ గుండ్రం గుండ్రంగా ఉండదు, బేరింగు పట్టేస్తుంది. మెయిన్ క్యాపులకూ ఇదే నియమం. అందుకే క్యాపు విప్పకముందే దాని మీద నంబరు ఉందో లేదో చూస్తారు. లేకపోతే పంచ్ కొట్టి, ఎటువైపు ముఖమో గుర్తుపెట్టి, అప్పుడే బోల్టు మీద పానా వేస్తారు.

అన్నీ విప్పాక అసలు చదువు మొదలవుతుంది. సిలిండరు పైఅంచు దగ్గర గోరు పెట్టి కిందికి లాగితే ఒక మెట్టు తగులుతుంది. పిస్టన్ పైకొచ్చి ఆగిన చోట పై రింగు ఎక్కడిదాకా చేరుతుందో అక్కడ ఆ మెట్టు ఏర్పడుతుంది. దాని పైన రింగు తాకని ఇనుము కొత్తదానిలా ఉంటుంది. దాని కిందే అరుగుదల అన్నిటికంటే ఎక్కువ. మంట వేడి, ఒత్తిడి అక్కడే ఎక్కువ, ఆయిల్ పొర అక్కడే పలుచన. సిలిండరు కిందిభాగం పెద్దగా అరగదు. క్రాంకు పిస్టన్‌ను పక్కకు నెడుతుంది కాబట్టి ఆ దిక్కున గోడ ఎక్కువ అరిగి, గుండ్రంగా ఉండాల్సిన బోరు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అంటే ఒక్క సిలిండరును కనీసం పైన, మధ్యన, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలవాలి. ఆరు సిలిండర్లకు 36 కొలతలు.

రింగులు, బేరింగులు కూడా కథ చెబుతాయి. క్వారీల్లో, స్టోన్ క్రషర్ల దగ్గర తిరిగిన టిప్పరు ఇంజన్ విప్పితే పై రింగు ముఖం బూడిదరంగులో మసకబారి, సన్నబడి ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు చిల్లు నుంచో, పట్టీ వదులైన రబ్బరు గొట్టం నుంచో దుమ్ము లోపలికి పోయింది. అప్పుడు కొత్త పిస్టన్లు వేసి ఆ గొట్టం అలాగే ఉంచితే ఖర్చంతా బూడిదే. బేరింగు ముక్కల్లో పైపూత అరిగి రాగిరంగు బయటపడితే, అది అన్నిటిలో సమానంగా ఉందా, ఒక్కదాంట్లోనే ఉందా అని చూడాలి. ఒక్కదాంట్లోనే అయితే ఆ దారిలో ఆయిల్ అందలేదు, లేదా ఆ రాడ్డు వంగింది. ‘ఎందుకు అరిగింది?’ అన్న ప్రశ్నకు జవాబు దొరకకుండా సామాను చీటీ రాసేవాడు సగం పనే చేసినట్టు.

కొలవడం దగ్గరే మన షెడ్లలో పెద్ద లోటు. మైక్రోమీటరు, డయల్ బోర్ గేజ్ లేకుండా వేలితో, కంటితో, పాత రింగును బోరులో పెట్టి చూసి తేల్చేసేవాళ్లు చాలామంది. అనుభవం పెద్దదే. కానీ కమిన్స్ 6బీటీకి కొత్త బోరు 102 మిల్లీమీటర్లయితే, అది మిల్లీమీటరులో పదో వంతు కాస్త మించి అరిగితేనే పనికిరాదని కంపెనీ లెక్క. ఆ తేడాను ఏ వేలూ చెప్పలేదు. ఈ ఇంజన్‌కు విడిగా లైనర్లుండవు, బ్లాకులోనే బోరు ఉంటుంది. అరిగితే అర మిల్లీమీటరు పెద్దదిగా తొలిచి ఆ సైజు పిస్టన్లు వేస్తారు. మళ్లీ అరిగితే ఒక మిల్లీమీటరు. ఆ తర్వాత తొలచడానికి వీల్లేదు, స్లీవు దించాల్సిందే. అంటే అవసరం లేకుండా ఒక సైజు తొలిస్తే, ఆ బ్లాకుకున్న ఆయుష్షులో ఒక వాటా ఊరికే పోయినట్టు. లైనర్లున్న ఇంజన్లకు ఈ బెంగ లేదు, లైనరు కొట్టి తీసి కొత్తది దించుకోవచ్చు. కానీ లైనరు మెడ కూర్చునే గాడి లోతు ఆరింటికీ ఒకేలా ఉందో లేదో కొలవకపోతే హెడ్డు ప్యాకింగు నిలవదు.

ఇంటి దగ్గర ఎంత బాగా చేసినా మూడు పనులు బయటికి పోవాల్సిందే: బోరింగు, క్రాంకు గ్రైండింగు, డీజిల్ పంపు క్యాలిబ్రేషను. 1951లో మొదలైన బెంగళూరు మైకో కంపెనీ పేరు మీద ఈ పంపును పాతవాళ్లు ఇప్పటికీ మైకో పంపు అనే అంటారు. జీడిమెట్ల, బాలానగర్ చుట్టుపక్కల లేత్ పనివాళ్లకు కొదవ లేదు. 1968 నుంచి బాలానగర్‌లో ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ లాంటి సంస్థ వల్లా, ప్రాగా టూల్స్ లాంటి పాత ఫ్యాక్టరీల వల్లా కొలతతో పనిచేసే అలవాటు ఈ ప్రాంతపు చేతులకు అబ్బింది. బోరింగు షాపుకు పిస్టన్లు కూడా వెంట తీసుకెళ్లాలి. ముందు బోరు తొలిపించి తర్వాత పిస్టన్లు కొంటే, డబ్బా మీది సైజుకూ పిస్టన్ అసలు కొలతకూ మధ్య ఉన్న తేడా బండి మీద పడుతుంది. పిస్టన్ కొలిచి, దానికి కావలసిన ఖాళీ కలిపి, అంతే తొలవాలి.

తొలిచాక హోనింగు చేస్తారు. సానరాళ్లు తిరుగుతూ, పైకీ కిందికీ కదులుతూ గోడ మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు గీస్తాయి. అద్దంలా మెరిసే బోరు మంచిదని కొత్త యజమానులు అనుకుంటారు. మెరిసే గోడ మీద ఆయిల్ నిలవదు, రింగు కుదురుకోదు. ఆ గీతలు ఒకదాన్నొకటి ఖండించే కోణం సరిగా ఉంటే ఆయిల్ వాటిలో దాక్కుంటుంది, రింగు ముఖం మెల్లగా ఒదుగుతుంది.

క్రాంకు గ్రైండింగులో సైజులను మెకానిక్కులు పది, ఇరవై, ముప్పై అని పిలుస్తారు. అంగుళంలో వెయ్యో వంతుల లెక్క అది. పది అంటే పావు మిల్లీమీటరు. క్రాంకును ఆ మేరకు సన్నం చేసి, అంత మందం ఎక్కువున్న బేరింగులు వేస్తారు. ఇక్కడ యజమాని తప్పక చూడాల్సింది ఒకటుంది. క్రాంకు జర్నల్ పక్కగోడను కలిసే మూల గుండ్రంగా ఉండాలి. గ్రైండింగు రాయిని సరిగా దిద్దకుండా ఆ మూలను నిటారుగా కోసేస్తే, క్రాంకు బరువెక్కిన ఏదో ఒక రోజు సరిగ్గా అక్కడే విరుగుతుంది. షాపు నుంచి తెచ్చుకునేటప్పుడు ఆ మూలలో వేలు తిప్పి చూడండి.

బోరింగు షాపు నుంచి బ్లాకు ఇంటికొచ్చాక చేసే పని ఎవరూ గొప్పగా చెప్పుకోరు. అదే కడగడం. హోనింగు రాళ్ల పొడి ఆ సన్నని గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో కడిగితే జిడ్డు పోతుంది, ఆ పొడి మాత్రం పోదు. వేడినీళ్లు, సబ్బుపొడి, గట్టి బ్రష్షు కావాలి. బట్టలుతికే సర్ఫుతో బోరును పైకీ కిందికీ రుద్ది, నీళ్లు కొట్టి, గాలితో ఆరబెట్టి, శుభ్రమైన తెల్లగుడ్డకు కొంచెం ఇంజన్ ఆయిల్ అద్ది బోరు లోపల తుడవాలి. గుడ్డ మీద బూడిదరంగు మరక పడితే మళ్లీ సర్ఫు. మళ్లీ నీళ్లు. మళ్లీ గుడ్డ. గుడ్డ తెల్లగా బయటికొచ్చే దాకా ఈ పని ఆపని ఉస్తాద్ చేతికి నేను ఏ బండైనా ఇస్తాను. ఆయిల్ దారుల ప్లగ్గులు కూడా విప్పి, పొడవాటి బ్రష్షు తోసి, గాలి కొట్టాలి. కొత్త బేరింగుల మీద మొదటి వెయ్యి కిలోమీటర్లలోనే గీతలు పడ్డాయంటే చాలావరకు ఆ ప్లగ్గులు ఎవరూ విప్పలేదనే అర్థం.

హెడ్డు సంగతి వేరుగా నడుస్తుంది. నిటారు పట్టీ పెట్టి వంపు చూస్తారు, వంగితే దాన్నీ బయటికి పంపి చదును చేయిస్తారు. వాల్వులకు కార్బొరండం పేస్టు రాసి, రబ్బరు కప్పున్న కర్రను అరచేతుల మధ్య తిప్పుతూ సీటుకు అరగదీస్తారు. వాల్వు అంచు చుట్టూ మసకగా ఒకే వెడల్పున గీత వస్తే సరిపోయినట్టు. పరీక్ష సులువు: వాల్వులు బిగించి పోర్టులో కిరోసిన్ పోసి కాసేపు వదిలేయాలి. కిందికి చెమ్మ దిగకూడదు.

బిగింపులో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం రింగు గ్యాపు చూడటం. కొత్త రింగును ఒక్కదాన్నే బోరులో పెట్టి, పిస్టన్‌ను తలకిందులుగా తోసి దాన్ని సమంగా కూర్చోబెడతారు. రింగు కొసల మధ్య ఖాళీలో ఫిల్లర్ గేజ్ పెడతారు. 6బీటీ పై రింగుకైతే ఆ ఖాళీ 0.40 నుంచి 0.70 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. తక్కువుంటే, ఇంజన్ వేడెక్కి రింగు సాగినప్పుడు రెండు కొసలూ ఢీకొని బోరును గీరేస్తాయి. సన్నని ఆకురాయితో కొసను కొంచెం కొంచెంగా అరగదీసి మళ్లీ పెట్టి చూడాలి. ఎక్కువుంటే బోరు ఎక్కువ తొలిచారు, లేదా డబ్బాలో తప్పు సైజు వచ్చింది. ఈ పరీక్ష ఆరు సిలిండర్లకు, ఒక్కో దానికి మూడు రింగులకు చేయాలి. తొందరలో ఒక్కదానికి చేసి మిగతావి వదిలేసేవాళ్లున్నారు. డబ్బా మీద ఎవరి పేరున్నా సరే, ఈ పరీక్ష దాటకుండా రింగు పిస్టన్ ఎక్కకూడదు. నకిలీ సామాను రాజ్యమేలుతున్న రోజుల్లో యజమానికి ఇదే రక్షణ. పిస్టన్‌కు ఎక్కించాక మూడు రింగుల కొసలూ ఒకే వరుసలోకి రాకుండా చుట్టూ పంచాలి.

బేరింగు ముక్క వెనకవైపు పొడిగా, శుభ్రంగా ఉండాలి; ముందువైపు ఆయిల్ రాయాలి. వెనక ఆయిల్ ఉంటే వేడి బ్లాకులోకి పోదు, ముక్క సరిగా కూర్చోదు. క్రాంకు పెట్టి, ఒక్కో మెయిన్ క్యాపు బిగించిన ప్రతిసారీ క్రాంకును చేత్తో తిప్పి చూడాలి. తేలిగ్గా తిరుగుతున్నది ఒక్కసారిగా పట్టేస్తే, ఆఖరున బిగించిన క్యాపే దోషి. అన్నీ బిగించాక తిప్పితే ఆ దోషి ఎవరో తెలియదు. బోల్టుల బిగింపుకు టార్క్ రెంచి వాడాలి. ‘నా చెయ్యే టార్క్ రెంచి’ అనే ఉస్తాద్‌లతో నేను ఒప్పుకోను. చెయ్యి పొద్దునున్నట్టు సాయంత్రం ఉండదు.

ట్యాపెట్ల దగ్గర, అంటే వాల్వుల ఖాళీ సరిచేసేటప్పుడు, పాతవాళ్లు ఒక చక్కని కిటుకు వాడతారు. ఆరు సిలిండర్ల ఇంజన్‌లో డీజిల్ కాలే వరుస 1-5-3-6-2-4. ఇందులో జంటలు 1-6, 5-2, 3-4. ఏ జంట కలిపినా ఏడే. ఆరో సిలిండరు వాల్వులు రెండూ ఊగే చోట క్రాంకును ఆపితే ఒకటో సిలిండరు ట్యాపెట్లు వదులుగా ఉంటాయి, వాటిని సెట్ చేసుకోవచ్చు. ఒకటోది ఊగితే ఆరోది. మాన్యువల్ చదవని మనిషి నోట ఈ ఏడు లెక్క విన్నప్పుడు, ఈ విద్యకు రాయని వ్యాకరణం ఎంత పకడ్బందీగా ఉందో తెలుస్తుంది. 6బీటీకి చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ వాల్వుకు 0.25, ఎగ్జాస్టుకు 0.51 మిల్లీమీటర్లు.

స్టార్టు చేసేముందు స్టాప్ లీవరు లాగి పట్టుకుని, డీజిల్ అందకుండా సెల్ఫు తిప్పి ఆయిల్ ప్రెషరు ముల్లు లేచేదాకా ఆగాలి. టర్బోకు వచ్చే గాలి గొట్టం దగ్గర ఒక మనిషి చదునైన చెక్కముక్క పట్టుకుని నిలబడటం మంచి అలవాటు. పంపు పొరపాటు వల్ల ఇంజన్ అదుపు తప్పి పరుగెత్తితే, గాలి మూయడమే దాన్ని ఆపే దారి. ఎక్కింది మొదలు గంటలకొద్దీ ఐడిల్‌లో ఉంచడం మంచిదనుకోవడం పొరపాటు. లోడు పడకపోతే రింగు గోడకు ఒరుసుకోదు, బోరు మీద గాజులాంటి పొర పట్టి ఆయిల్ తినడం మళ్లీ మొదలవుతుంది. వేడెక్కగానే తేలికపాటి లోడుతో రోడ్డెక్కించి, మెల్లగా లోడు పెంచాలి. మొదటి ఆయిల్, ఫిల్టరు త్వరగా మార్చేయాలి.

ఇక పాత ఆయిల్. దాన్ని మోరీలో పోయడం నేరం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. చెరువులతో నిండిన శామీర్‌పేట, మేడ్చల్ మండలాల్లో ఈ మాట మరింత గట్టిగా చెప్పాలి.

ఇదే పనిని మన ఆర్టీసీ మరో పద్ధతిలో చేస్తుంది. 1932లో నిజాం స్టేట్ రైల్వే కింద 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా విభాగం నుంచి పెరిగిన సంస్థ అది. డిపోలో అరిగిన ఇంజన్ దించి, బాగుచేసి ఉంచిన మరో ఇంజన్ ఎక్కించి బస్సును రోడ్డు మీదికి పంపేస్తారు. అరిగింది ఉప్పల్, కరీంనగర్ లాంటి జోనల్ వర్క్‌షాపుకు పోతుంది. అమెరికాలో క్యాటర్‌పిల్లర్ కంపెనీ 1973లో పాత ఇంజన్లను తిరిగి కట్టడాన్ని ఒక పరిశ్రమగానే మొదలుపెట్టింది. ఒక్క లారీ యజమానికి ఆ వీలు లేదు. అతని బండి ఆగితే వాయిదా ఆగదు. ఇంకో ఇంజన్ కొని పెట్టుకోలేడు. పాత బ్లాకు మార్చినా ఇంజన్ నంబరు మారుతుంది, ఆర్టీఏ అనుమతి కావాలి. అందుకే తన ఇంజన్‌నే తను బతికించుకోవాలి. ఆ ఇనుములో పారేసేది పిస్టన్లు, రింగులు, బేరింగులు, ప్యాకింగులు లాంటి కొన్ని కిలోల సామానే. బ్లాకు, క్రాంకు, హెడ్డు, గేర్లు మళ్లీ రోడ్డెక్కుతాయి. ఇంత ఇనుమును మళ్లీ కొలిమిలో పెట్టకుండా కాపాడుతున్న పనిని పర్యావరణం గురించి మాట్లాడే వేదికల మీద ఎవరూ తలచుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాయి. 1,600 బార్లు దాటే ఒత్తిడితో పనిచేసే కామన్ రైలు, కంప్యూటరు, ప్రతి ఇంజెక్టరుకూ ఎక్కించాల్సిన కోడు, పొగగొట్టంలో యూరియా ద్రావణం. షెడ్డు పని ఇక అయిపోయిందని చాలామంది అంటున్నారు. నేను అలా అనుకోను. సెన్సారు ఎన్ని వచ్చినా రింగు బోరును రాసుకుంటూనే ఉంటుంది, క్రాంకుకు ఆయిల్ కావాల్సిందే. కొత్త ఇంజన్లలో ఖాళీల లెక్క ఇంకా కచ్చితం, దుమ్ము మీద సహనం ఇంకా తక్కువ. కాబట్టి కొలత నేర్చిన ఉస్తాద్‌కు పని ఉంటుంది. కొలత నేర్వనివాడికి నిజంగానే కష్టం.

ఐటీఐల్లో మెకానిక్ డీజిల్ అనే ఏడాది కోర్సు ఉంది. అక్కడ చదివినవాడికి కాగితం ఉంటుంది, చేతికి ఇంజన్లు తక్కువ తగులుతాయి. షెడ్డులో పెరిగినవాడి చేతి కింద వందల ఇంజన్లు పోయి ఉంటాయి, కాగితం ఉండదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడున్నాడు, పనిముట్లు చేసేవాడున్నాడు. ఇంజన్ కట్టే మెకానిక్ లేడు. అతన్నీ చేర్చాలి. ముందు నేర్చిన విద్యకు గుర్తింపునిచ్చే పరీక్షలు ఇప్పటికే ఉన్నాయి. వాటిని సుచిత్ర నుంచి మేడ్చల్ దాకా ఉన్న షెడ్ల దగ్గరికే తేవాలి, పరీక్ష తెలుగులోనూ ఉర్దూలోనూ పెట్టాలి. ప్రాంతీయ లారీ యజమానుల సంఘాలు తలా కొంచెం వేసుకుంటే నాలుగు షెడ్లకు కలిపి ఒక డయల్ బోర్ గేజ్, ఒక మైక్రోమీటరు సెట్టు, ఒక మంచి టార్క్ రెంచి కొనగలవు.

ఇంజన్ చేయించుకునే యజమానులకు ఒక విన్నపం. పని పూర్తయ్యాక ఆరు బోర్ల కొలతలు, వేసిన పిస్టన్ సైజు, క్రాంకు మెయిన్, బిగ్ ఎండ్ సైజులు, ట్యాపెట్ ఖాళీలు ఒక కాగితం మీద రాయించి, తేదీ, కిలోమీటర్ల రీడింగు వేయించి, ఆర్సీ ఉంచే కవరులోనే పెట్టుకోండి. మళ్లీ ఎప్పుడైనా ఆ ఇంజన్ విప్పేవాడు ఎవరైనా సరే, మొదట అడిగేది ఆ కాగితమే.